కంసుడి రాజ్యంలో మూడు రోజులు: బర్గఢ్ ధనుయాత్రకి ఎలా వెళ్ళాలి, అక్కడ ఎలా ఉండాలి

నాటకం చూడటం అంటే మనకి ఒక పద్ధతి అలవాటైపోయింది, టికెట్ కొంటాం, సీట్లో కూర్చుంటాం, ముందువాడి తల అడ్డమొస్తే కాస్త పక్కకి వంగుతాం. ఒడిశాలో బర్గఢ్ ధనుయాత్రకి ఈ అలవాటుతో వెళ్తే మాత్రం మొదటి రోజంతా "స్టేజి ఎక్కడండీ" అని అడుగుతూ తిరగడమే సరిపోద్ది, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అచ్చం అదే చేశాను, అడిగిన ప్రతివాడూ నా వైపు వింతగా చూసి చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పాడు. అర్థం కావడానికి టైం పట్టింది. ఊరే స్టేజి అన్నమాట. బర్గఢ్ టౌన్ మధుర, పక్కన పారే జీరా నది యమున, నదికి అవతల ఉన్న అంబాపాలి ఊరు గోపపురం. పదకొండు రోజుల పాటు కంసుడు ఈ ఊరిని ఏలతాడు, మనం ప్రేక్షకులం కాదు, ఆయన ప్రజలం. ప్రపంచంలోనే అతి పెద్ద ఓపెన్ ఎయిర్ థియేటర్ అని దీనికి పేరు.

మన తెలుగువాళ్ళు పూరీ, కోణార్క్ వెళ్ళొస్తారు గానీ ఇటు పడమటి ఒడిశా వైపు వచ్చేవాళ్ళు తక్కువ. వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను, మధ్యలో పక్కదారి పడితే ఏమనుకోవద్దు.

ముందు తేదీ తేల్చుకోండి

ఇది ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం జరగదు. పుష్య మాసంలో శుక్ల పంచమి నాడు మొదలై పౌర్ణమితో అయిపోద్ది, పంచమి నుంచి పౌర్ణమి దాకా లెక్కేసుకుంటే పదకొండు తిథులు, అందుకే పదకొండు రోజులు. మన ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు, పుష్య పౌర్ణమి ఎప్పుడో చూసి అక్కడి నుంచి వెనక్కి లెక్కెట్టుకోండి. ప్రతి ఏడూ తేదీ బాగా జరుగుతుంది, 2025లో ఆ పౌర్ణమి జనవరి 13న వచ్చింది, 2026లో జనవరి 3న, అంటే ఆ ఏడాది యాత్ర డిసెంబర్ ఆఖరి వారంలోనే మొదలైపోయింది, 2027లో జనవరి 22. ఆ లెక్కన 2027లో మన సంక్రాంతి సెలవులు యాత్ర మధ్యలో పడతాయి, లీవ్ పెట్టక్కర్లేదు, కాకపోతే పండక్కి ఇంటికి రాలేదని అమ్మ పెట్టే గొడవకి నేను బాధ్యుణ్ణి కాదు. తిథి ఒకటి అటూఇటూ అయ్యే ఛాన్స్ ఉంటుంది కాబట్టి టికెట్లు తియ్యబోయే ముందు ఆ ఏడాది కమిటీ వాళ్ళు ప్రకటించిన తేదీలు ఒకసారి చూసుకోండి.

కథ మీకు తెలుసు, అదే మీ అడ్వాంటేజ్

భాష రాదని భయపడేవాళ్ళకి ఒకటే మాట, అక్కడ మాట్లాడేది సంబల్‌పురి, అది కటక్, భువనేశ్వర్ ఒడియాకి కూడా కొంచెం వేరుగా ఉంటుంది, మనకి ముక్క అర్థం కాదు. కానీ కథ దేవకీ వసుదేవుల పెళ్ళి దగ్గర మొదలై కంసవధతో పూర్తవుతుంది, అది మనకి చిన్నప్పుడే మామ్మలు చెప్పేసిన కథ. పోతన భాగవతం దశమస్కంధం ఇంట్లో ఉంటే పిల్లల చేత ఆ భాగం ఒకసారి చదివించి తీసుకెళ్ళండి, పూతన ఎవరు, కుబ్జ ఎవరు, అక్రూరుడు ఎందుకొచ్చాడు అని జనంలో నిలబడి మీరు చెవిలో అరవక్కర్లేదు. ధనుస్సు అంటే విల్లు కదా, కృష్ణుణ్ణీ బలరాముణ్ణీ మధురకి రప్పించి చంపేద్దామని కంసుడు ధనుర్యాగం పేరు పెట్టి పిలుస్తాడు, యాత్ర పేరు అక్కడిదే.

ఇంకొకటి కూడా తెలిసుంటే చూసేటప్పుడు వేరే రుచి వస్తుంది. ఇది వెయ్యేళ్ళ నాటి ఆచారం కాదు. 1947-48లో, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మొదలైంది. తెల్లవాడు పోయాడన్న సంతోషంలో, కోతలైపోయి చేతిలో నాలుగు గింజలున్న టైంలో జనం పెట్టుకున్న పండగ. అందుకే ఇందులో కంసుడు ఉత్త పురాణం కంసుడు కాదు, అధికారం అంటే ఎలా ఉంటుందో ఆడి చూపించే కంసుడు. 2014లో కేంద్ర సాంస్కృతిక శాఖ దీనికి జాతీయ ఉత్సవం హోదా ఇచ్చింది.

ఎలా చేరుకోవాలి

రైలే బెస్ట్. స్టేషన్ పేరు బర్గఢ్ రోడ్, సంబల్‌పూర్ నుంచి బలాంగీర్, టిట్లాగఢ్ వైపు వచ్చే లైన్‌లో ఉంటుంది. ఇదే లైన్ కిందకి రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం వస్తుంది కాబట్టి మన వాళ్ళకి చాలా ఈజీ. నాందేడ్ నుంచి సికింద్రాబాద్, విజయవాడ, విశాఖ మీదుగా సంబల్‌పూర్ వెళ్ళే నాగావళి ఎక్స్‌ప్రెస్ ఇటే పోతుంది, అది రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. అలెప్పీ నుంచి విజయవాడ మీదుగా ధన్‌బాద్ పోయే బండి కూడా ఇదే దారి, మనవాళ్ళు బొకారో బండి అని పిలిచేది అదే. రెండింటికీ పండగ టైంలో వెయిటింగ్ లిస్ట్ చూస్తే కళ్ళు తిరుగుతాయి, రిజర్వేషన్ ఓపెన్ అయిన రోజే తీసి పెట్టుకోండి. బర్గఢ్ రోడ్‌లో దిగడం కుదరకపోతే సంబల్‌పూర్‌లో దిగండి, అక్కడి నుంచి బర్గఢ్ ఒక యాభై కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉంటాయి.

విమానం అంటే ఝార్సుగూడ ఎయిర్‌పోర్ట్ దగ్గర, లేదంటే రాయ్‌పూర్‌లో దిగి జాతీయ రహదారి 53 పట్టుకుని రెండొందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణం. జనవరి పొద్దున్న ఆ రోడ్డు మీద మంచు ఎలా ఉంటుందంటే ముందు లారీ వెనక లైటు కూడా దగ్గరికెళ్తే గానీ కనపడదు, కాబట్టి కారులో వెళ్ళేవాళ్ళు తెల్లారగట్ట బయల్దేరే మన సెంటిమెంట్ పక్కన పెట్టి, ఎండ వచ్చాక బయల్దేరండి.

రూమ్ విషయం

దీని మీద నాకు కడుపుమంట ఉంది. ఫోన్లో బుక్ చేసి, అడ్వాన్స్ పంపి, పేరు రెండుసార్లు చెప్పించుకుని మరీ వెళ్తే లాడ్జి వాడు "సార్, మీరు రారనుకున్నాం" అన్నాడు. సాయంత్రం ఆరింటికి సామాన్లతో రోడ్డు మీద నిలబడి, బస్సెక్కి సంబల్‌పూర్ వెళ్ళి పడుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అదే మంచిదయింది. బర్గఢ్ చిన్న టౌన్, ఆ పదకొండు రోజులూ చుట్టుపక్కల జిల్లాల చుట్టాలందరూ అక్కడే ఉంటారు. సంబల్‌పూర్‌లో మకాం పెట్టి మధ్యాహ్నం బస్సులో వచ్చి చూసి రాత్రి వెళ్ళిపోవచ్చు, పగలు ఖాళీ టైంలో సమలేశ్వరి అమ్మవారి గుడి, హిరాకుడ్ డ్యామ్ కూడా చూసినట్టుంటుంది. కాకపోతే రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో వచ్చేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి. లేట్ అయ్యే రోజుకి షేర్ ఆటోలని నమ్ముకోకుండా ఒక కారు మాట్లాడుకోండి.

రోజులు ఎలా పంచుకోవాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అందరూ ఆఖరి రోజు కంసవధకి వస్తారు. జనం, జనం, జనం, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న నాన్నల వీపులు తప్ప ఏమీ కనపడదు. ఒక్క రోజే టైం ఉంటే ఆఖరి రోజు వెళ్ళొద్దు అంటాను నేను. మధ్యలో ఏదైనా మామూలు రోజు, శనాదివారాలు కాకుండా, వెళ్ళండి. కంసుడు పూర్తి ఫామ్‌లో ఉండేది అప్పుడే.

మూడు రోజులుంటే ఇలా చెయ్యండి. ఒక రోజంతా మధుర వైపు, ఒక రోజంతా అంబాపాలి వైపు, మూడోది మీ ఇష్టం. ఒకే సాయంత్రం ఏటికి ఇటూ అటూ పరిగెత్తి రెండూ చూసేద్దామనుకుంటే మాత్రం రెండూ పోతాయి, ఎందుకంటే ఇక్కడ దర్బార్ నడుస్తుంటే అక్కడ గోపపురంలో ఇంకేదో నడుస్తుంటుంది, ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. ఏ రోజు ఏ ఘట్టమో అక్కడ ఎవర్నడిగినా చెప్తారు, టీ కొట్టువాణ్ణి అడిగితే ఇంకా వివరంగా చెప్తాడు. మొదటి రోజుల్లో పెళ్ళి, ఉగ్రసేనుణ్ణి గద్దె దించడం, చెరసాల, కృష్ణుడు పుట్టడం, మధ్యలో పూతన లాంటి రాక్షసుల కథలు, కాళీయమర్దనం, ఆ తర్వాత అక్రూరుడు రావడం, ఆఖరున విల్లు విరవడం, కువలయాపీడం ఏనుగు, చాణూర ముష్టికులు, కంసుడు.

నన్నడిగితే కృష్ణుడు పుట్టిన రాత్రిని మించింది లేదు. వసుదేవుడు బుట్టలో పసివాణ్ణి పెట్టుకుని జీరా దాటి అంబాపాలి వైపు వెళ్తాడు. సినిమాల్లో లాగా ఉరుములూ మెరుపులూ గ్రాఫిక్సూ ఏమీ లేవు, చలికి పళ్ళు కొట్టుకుంటున్న ఒక మామూలు మనిషి నెత్తిన బుట్టతో నడుస్తున్నాడు, ఒడ్డున ఆడవాళ్ళు చీర కొంగు తల మీదికి లాక్కుని దణ్ణం పెడుతున్నారు. నా పక్కన నిలబడ్డ ఒకావిడ ఏడుస్తోంది. ఆవిడకి ఆ మనిషి ఎవరో, ఏ వీధిలో ఉంటాడో తెలుసనే అనుకుంటా, అయినా ఏడుస్తోంది.

కంసుడు ఎదురొస్తే ఏం చెయ్యాలి

కంస మహారాజు ఏనుగు మీదో రథం మీదో సైన్యంతో ఊరేగింపుగా బజార్లోకి వస్తాడు. కిరీటం, మీసం, మైకులో ఆ నవ్వు, మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి వేషం గుర్తొచ్చింది నాకు. ఆయన ఎవర్నైనా ఆపొచ్చు, ఏమైనా అడగొచ్చు, జరిమానా వెయ్యొచ్చు. కొట్టు ముందు చెత్త ఉంటే కొట్టువాడికి జరిమానా. ఆఫీసర్లని దర్బారుకి పిలిపించి మీ రోడ్డు గుంతలేంటి, కాలవలేంటి అని జనం ముందు నిలదీస్తాడు, వాళ్ళు చేతులు కట్టుకుని "మహారాజా" అంటూ జవాబు చెప్పుకుంటారు. మంత్రుల్ని, ముఖ్యమంత్రుల్ని కూడా వదల్లేదని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. జనానికి అసలు సరదా అదే, ఏడాదంతా ఎవడి ముందు వీళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారో వాడు ఆ రోజు చేతులు కట్టుకుంటాడు.

మీరు దొరికితే కంగారుపడొద్దు, ఫోన్ అడ్డం పెట్టి వీడియో తీస్తూ నవ్వుతూ నిలబడొద్దు, అది ఎదురు తిరిగినట్టు లెక్క. దణ్ణం పెట్టండి, "జుహార్ మహారాజ్" అనండి, జుహార్ అంటే అక్కడి నమస్కారం. నన్ను పట్టుకున్నది ఎందుకంటే రాజు ముందు మంకీ క్యాప్ తియ్యలేదని. ఇద్దరు సైనికులు, ఒకడి చేతిలో అట్టకత్తి, దానికి అంటించిన వెండి కాగితం అంచున లేచిపోయింది, ఆ కత్తి నా భుజం మీద పెట్టి ముందుకి లాక్కెళ్ళారు. ఏ దేశం అన్నాడు మహారాజు, ఆంధ్రా అన్నాను. టోపీ పెట్టుకున్నందుకు ఇంత, చలికి వణికి రాజ్యం పరువు తీసినందుకు ఇంకో ఇంత అని మొత్తం యాభై వేశాడు, హిందీలోనే, నాకు అర్థమవ్వాలని. జేబులో చూస్తే అన్నీ ఐదొందల నోట్లు. చిల్లర లేదన్నాను. చుట్టూ ఉన్న జనం గొల్లుమన్నారు, ఆఖరికి పక్కనున్న పల్లీలబండి అబ్బాయి యాభై ఇచ్చి నన్ను విడిపించాడు. కాబట్టి పది, ఇరవై నోట్లు ఒక కట్ట విడిగా పెట్టుకోండి, ఇది జోక్ కాదు, ఆటోలకీ తిండికీ కూడా అవే కావాలి.

సాయంత్రం దర్బార్‌లో కూర్చుంటే మహారాజు ముందు డాల్‌ఖాయి లాంటి సంబల్‌పురి డాన్సులు వేస్తారు, ఢోల్ మోత కడుపులో తగులుతుంది. ముందు వరసలు పెద్దవాళ్ళకి వెళ్ళిపోతాయి. పక్కనుంచి చూడటమే మేలు, ఒక దుప్పటి పట్టుకెళ్ళి కింద పరుచుకుని కూర్చోండి, లేచి వెళ్ళేటప్పుడు వెనకవాళ్ళు తిట్టరు.

ఏటికి అవతల

అంబాపాలికి టౌన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, ఓపిక లేకపోతే ఆటో. ఆ వైపు గాలే వేరు, కంసుడి మైకు గోల ఉండదు, చిన్నపిల్లలు కృష్ణుడు బలరాముడు వేషాల్లో తిరుగుతుంటారు, జనం ఆ పిల్లల్ని నిజంగా దేవుడిలాగే చూస్తారు, కాళ్ళకి మొక్కుతారు, పళ్ళూ పాలూ తెచ్చి పెడతారు. ఇక్కడ మన బిహేవియర్ కొంచెం మార్చుకోవాలి. బుగ్గ గిల్లడం, పక్కన కూర్చోబెట్టుకుని సెల్ఫీ, ఇవి వద్దు. ఫోటో కావాలంటే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా తీసుకోండి. చెప్పులు ఎక్కడ విప్పుతున్నారో చూసి మీరూ అక్కడే విప్పండి.

తిండి, చలి, పిల్లలు

చలి గురించి సీరియస్‌గా చెప్తున్నాను, వైజాగ్ స్వెట్టర్ చాలదు. పగలు చొక్కాతో తిరగొచ్చు, పొద్దు కుంగగానే దిగిపోద్ది, రాత్రి పదింటి దాకా ఆరుబయట నిలబడాలి కదా. షాల్, సాక్సు, చెవులు కప్పుకునేది. (మహారాజు కనపడితే తీసెయ్యండి.)

తిండికి లోటు లేదు. చావుల్ బరా అని బియ్యప్పిండితో వేసే వడ ఉంటుంది, పైన కరకర, లోపల మెత్తన, కళాయిలోంచి తీసి ఆకు దొన్నెలో వేసి ఇస్తారు, వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే అదే వడేనా అనిపిస్తుంది. ముర్రీలు, అంటే మన మరమరాలు, ఘుగునీతో, అంటే బఠాణీల కూరతో, కలిపి తింటారు. మన గారెల మీద ప్రేమ ఉన్నవాళ్ళు రాజీపడతారు. నాన్‌వెజ్ మీ ఇష్టం, సాంబారు మాత్రం వెతకొద్దు.

వెతక్కపోయినా ఒక్కోసారి దొరుకుతుందనుకోండి. హిరాకుడ్ కాలవలు వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు చాలామంది ఇటొచ్చి పొలాలు కొని వరి వేసి ఇక్కడే ఉండిపోయారు, అత్తాబీరా చుట్టుపక్కల తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. జనంలో మా ఆవిడ నన్ను పేరు పెట్టి అరిచేసరికి వెనకనుంచి ఒక పెద్దాయన "ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు. తణుకు దగ్గరండీ అన్నాను. "ఆయ్, మాదీ అటేనండీ, మా నాన్నగారొచ్చారు ఇక్కడికి, నేను పుట్టింది ఇక్కడే" అన్నాడు, తెలుగులో గోదావరి యాస అలాగే ఉంది, మధ్యలో మనవడితో మాత్రం సంబల్‌పురిలో మాట్లాడాడు. కంసుడు ఏమన్నాడో ఆ సాయంత్రమంతా ఆయనే మాకు తెలుగులో చెప్పాడు. ఇలాంటి గైడ్ డబ్బులిచ్చినా దొరకడు, కాబట్టి కొంచెం గట్టిగానే తెలుగులో మాట్లాడుకోండి.

పిల్లలతో వెళ్తే వాళ్ళ జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, పెద్దోళ్ళందరూ విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక గుర్తు అనుకోండి, రాత్రయ్యేసరికి సిగ్నల్ ఉన్నట్టే ఉంటుంది, కాల్ వెళ్ళదు. బాత్రూమ్ విషయం సాయంత్రం దర్బార్‌కి ముందే చూసుకోండి, ఆడవాళ్ళకి అక్కడ అదే పెద్ద ఇబ్బంది.

చీరలు కొనాలంటే ఇదే జిల్లాలో బర్‌పాలి ఉంది, సంబల్‌పురి నేతకి పేరున్న ఊరు. మన పోచంపల్లిలాగే నూలుకి ముందే ముడులు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు, ఒడియాలో బంధ అంటారు, కాకపోతే డిజైన్లు వేరు, శంఖం, చక్రం, పువ్వు ఎక్కువ కనపడతాయి. పగలు ఒక పూట పెట్టుకోండి. పూట అంటే పూటే, ఆడవాళ్ళతో వెళ్తే మాత్రం నేను గ్యారంటీ ఇవ్వలేను.

ఆఖరి రోజే వెళ్ళాల్సొస్తే

వద్దన్నా చాలామంది అదే రోజు వెళ్తారని తెలుసు, కాబట్టి ఇది కూడా. ఆ రోజు పుష్య పౌర్ణమి, వాళ్ళకి పుష్‌పునీ, కోతలైపోయిన పండగ, పడమటి ఒడిశాలో మన సంక్రాంతి అంతటిది. పాలేర్ల ఏడాది లెక్కలు ఆ రోజుతో తేలి కొత్త ఏడాదికి మాట్లాడుకుంటారు. ప్రతి ఇంట్లో మాంసం వండుతారు, దానివల్ల మనకి వచ్చే ఇబ్బంది ఏంటంటే హోటళ్ళు, కొట్లు చాలావరకు మూసేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే బిస్కెట్లు, అరటిపళ్ళు, మంచినీళ్ళు కొనేసి పెట్టుకోండి. పొద్దున్నే పిల్లలు గుంపులుగా "ఛేర్ ఛెరా" అని అరుస్తూ ఇల్లిల్లూ తిరిగి వడ్లు అడుగుతారు, మా ఊళ్ళో హరిదాసుకి బియ్యం పోసినట్టు ఇళ్ళవాళ్ళు గిన్నెలతో తెచ్చి సంచుల్లో పోస్తారు. మీ దగ్గర వడ్లు ఉండవు కాబట్టి చాక్లెట్ల ప్యాకెట్ ఒకటి ఉంచుకోండి.

కంసవధకి మధ్యాహ్నం మూడింటికల్లా వెళ్ళి చోటు చూసుకోండి, ముందుకి కాదు, బయటికి వెళ్ళే దారికి దగ్గరగా, ఏదైనా అరుగు దొరికితే అరుగు మీద. ఏనుగు పడుతుంది, మల్లులు పడతారు, ఆఖరున సింహాసనం మీంచి కంసుడు పడతాడు. పడగానే లేచే అరుపు పూర్తయ్యేలోపే మీరు దారి పట్టాలి, ఒక్క పది నిమిషాలు ఆగారంటే గంటన్నర ఇరుక్కుంటారు. మేం అలాగే ఇరుక్కున్నాం. ఎందుకంటే మా పక్కన ఒక పిల్లాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది, వాడికి కంసుడంటేనే ఇష్టమట, రేపటి నుంచి బజార్లోకి ఎవరొస్తారని అడుగుతున్నాడట. మా ఆవిడ వాణ్ణి ఊరుకోబెట్టడానికి మిగిలిన చాక్లెట్లన్నీ ఇచ్చేసింది, మా బస్సు మాత్రం వెళ్ళిపోయింది.